స్త్రీవిద్య: పరిశోధనకు గురువు నెంచుకొనుట



డోర్నకల్లు నుండి యొక సోదరి మాకు లేఖ వ్రాసినది. ఆమె చరిత్రమున ఎం.ఏ. పూర్తిచేసి, పిహెచ్.డి. ప్రవేశమునకు వలసిన జాతీయ పరీక్షయందును నెగ్గినది. బొగ్గు రైలుమార్గము వచ్చిన పిదప ఆ ప్రాంతపు తండాలలోని స్త్రీల బ్రదుకుదెరువు ఎట్లు మాఱినదో పరిశోధింపవలెనని యామె కోరిక. ఇద్దఱు ఆచార్యులు ఆమె యెదుట నున్నారు. ఒకరు పెక్కు గ్రంథములు వ్రాసి పేరుపొందినవారు, శాసన పండితులు. వారి యుద్యోగ విరమణకు నాలుగేండ్లు గడువున్నది. రెండవవారు వయస్సున చిన్నవారు. కూలిజనుల చరిత్రమును గూర్చి పనిచేయుచున్నారు. పేరింకను పెద్దగా రాలేదు. పెద్ద పేరున్నవారి నాశ్రయింపుమని తండ్రిగారు, ముందు పెండ్లి, తరువాత చదువని మేనమామగారు చెప్పుచున్నారట. తానేమి చేయవలెనని యామె ప్రశ్న.

ఈ ప్రశ్న యామె యొక్కతెది కాదు. ఆడుపిల్లకు అక్షరములు నేర్పవచ్చునా యని మన ముత్తవ్వల కాలమున వాదములు జరిగినవి. పట్నమునకు పంపి బి.ఏ. చదివింపవచ్చునా యని అవ్వల కాలమున జరిగినవి. నేడు పల్లెపట్టుల పడుచులు పరిశోధన పట్టమునకు దరఖాస్తు పెట్టుచున్నారు. దరఖాస్తు నింపు విధము చెప్పువారు పలువురు కలరు. గురువు నెంచుకొను విధము చెప్పువారు అరుదు. పెద్ద చదువులు చదివిన అన్నలు, అక్కలు కల యిండ్లలో ఈ తెలివి అన్నముల వేళ మాటలలోనే అబ్బును. ఇంటికంతటికి తానే తొలి ఎం.ఏ. యైన పిల్లకు అది యెవరు చెప్పవలెను? కావున ఈ మాసపు శీర్షికను ఆ విషయమునకే వినియోగించుచున్నాము.

డోర్నకల్లు జంక్షను స్టేషను. కాజీపేట త్రోవ, బెజవాడ త్రోవ, భద్రాచలము రోడ్డు త్రోవ అచ్చట కలియును. తప్పు బండి యెక్కినవారు తరువాతి స్టేషనులో దిగి వెనుకకు రావచ్చును. పోవునది ఒక పూట. తగని గురువు నాశ్రయించిన విద్యార్థినికి ఆ సంగతి తెలియుటకే రెండేండ్లు పట్టును, బయటపడుటకు మఱి రెండేండ్లు పట్టును. ఆ నాలుగేండ్లును ఆడుపిల్ల జీవితమున ఎట్టివో మన కందఱకును తెలియును. చదువవేసిన ఉన్న మతి పోయినదన్న సామెత యిట్టి చోటులనే పుట్టియుండును.

మొదట తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్న యొకటి కలదు: ఈ పట్టము నాకెందులకు? ఎం.ఏ.లో ఇతరులు కనుగొన్న దానిని నేర్తుము. పరిశోధనలో ఎవరును వ్రాయని దానిని మనము కనుగొని, ఋజువులతో నిలుపవలెను. ఉద్యోగము దొరకనందున కాలము గడుపుటకును, సంబంధము కుదురువఱకు ఊరక యుండలేకయును ఇందు ప్రవేశించినవారు నడుమనే అలసిపోవుదురు. కళాశాలలో పాఠము చెప్పుటయే కోరికయైనచో, 2023 జూలై నుండి సహాయాచార్య పదవికి నెట్, సెట్, స్లెట్ అను పరీక్షలలో నొకటి కనీసార్హతగా నిర్ణయింపబడినది, పిహెచ్.డి. తప్పనిసరి కాదు. కావున ఒక ప్రశ్న మనస్సును విడువక తొలుచుచున్నవారే ఈ త్రోవకు రావలెను. మాకు వ్రాసిన సోదరికి అట్టి ప్రశ్న యున్నది. అది మంచి శకునము.

ఇక నియమములు. యు.జి.సి. యను విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022 నవంబరులో పిహెచ్.డి. నియమములను క్రొత్తగా ప్రకటించినది. ఎం.ఏ. మొదలగు పట్టములలో నూటికి 55 మార్కులు వచ్చినవారును, నాలుగేండ్ల డిగ్రీలో 75 వచ్చినవారును అర్హులు. షెడ్యూల్డు కులములు, తెగలు మొదలగు వర్గములవారికి 5 మార్కుల సడలింపు కలదు. 2024 నుండి నెట్ పరీక్షలో వచ్చిన మార్కులతోనే ప్రవేశము కోరుటకు వీలు కల్పింపబడినది. ఫెలోషిప్పు రాక ప్రవేశార్హత మాత్రము పొందినవారికి ఆ మార్కులకు 70 పాళ్లును, ఇంటర్వ్యూకు 30 పాళ్లును కట్టుదురు. ఆ యర్హత ఒక యేడు మాత్రమే చెల్లును గనుక జాగు చేయరాదు. చేరిన పిదప తక్కువ పక్షము 12 క్రెడిట్ల కోర్సువర్కు చదివి పరీక్ష నీయవలెను. తక్కువ పక్షము మూడేండ్లు, ఎక్కువ పక్షము ఆఱేండ్లు గడువు.

ఆ ప్రాంతమువారికి చేరువనున్నది హనుమకొండలోని కాకతీయ విశ్వవిద్యాలయము. అది 1976లో స్థాపితమైనది. హైదరాబాదున 1918లో వెలసిన ఉస్మానియా, 1974లో నెలకొన్న కేంద్రీయ విశ్వవిద్యాలయము, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము కలవు. ఒక్క చోటనే దరఖాస్తు పెట్టి చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. రెండు మూడు చోటుల పెట్టవలెను. ప్రతి చోటను ప్రకటన వెలువడు కాలము వేఱు. దానిని కనిపెట్టి యుండుటకు ఒక చిన్న పుస్తకమున తేదీలు వ్రాసికొనుట మేలు.

ధనవిషయము చెప్పక తప్పదు. నెట్‌లో జూనియర్ రీసెర్చి ఫెలోషిప్పు పొందినవారికి 2023 జనవరి నుండి తొలి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలును, పిదప 42,000 రూపాయలును నిర్ణయింపబడినవి. షెడ్యూల్డు తెగల విద్యార్థులకు కేంద్ర గిరిజన మంత్రిత్వశాఖవారి జాతీయ ఫెలోషిప్పు కలదు. ఏటా 750 మందికి దాని నేర్పఱచినారు. డోర్నకల్లు పరిసరముల తండాలలోని మన లంబాడీ సోదరీమణులు, కోయ సోదరీమణులు దీనిని తప్పక తెలిసికొనవలెను. షెడ్యూల్డు కులములకును, వెనుకబడిన తరగతులకును వేర్వేఱు ఫెలోషిప్పులు కలవు. అయినను వేతనము నెలనెల తప్పక చేతికందునని నమ్మి అప్పుచేయరాదు. ఆఱు నెలల తిండికిని, హాస్టలునకును వలసిన సొమ్ము చేతనుంచుకొని బయలుదేఱుట వివేకము.

పరిశోధన విషయమునకై దూరము పోనక్కఱలేదు. డోర్నకల్లు మొదటి బిషప్పును, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నలంకరించిన తొలి భారతీయుడునగు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1912 మొదలు 1945 వఱకు అచ్చట పనిచేసిరి. సూసన్ బిల్లింగ్టన్ హార్పర్ అను విదేశీయురాలు వారి జీవితమును పరిశోధించి 2000లో పెద్ద గ్రంథము ప్రకటించినది. మన మహబూబాబాదు జిల్లాలోనే బయ్యారము చెరువు శాసనము కలదు. దానిని వేయించినది గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ. కాకతీయుల వంశక్రమమును తెలుపు ముఖ్యాధారములలో అదియొకటి. ఒక స్త్రీ రాతిపై వ్రాయించిన మాటలను చూచి చరిత్రకారులు రాజుల వరుసను నిర్ణయించుకొనుచున్నారు! వరంగల్లు సీమవారగు బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయములపై పరిశోధించి 1956లో ఉస్మానియా నుండి పట్టమందిరి. దంచుచు, విసరుచు, జోలపాడుచు మన తల్లులు పాడుకొనిన పాటలు విద్యాపీఠమున ఆసనమునకు తగినవని అంతటితో తేలినది. కావున తండా స్త్రీల జీవనము పరిశోధనకు తగదని యెవరైన అన్నచో మన సోదరి వెఱవనక్కఱలేదు. ముదుసళ్లు బ్రదికియుండగానే వారి నోటి మాటలను వ్రాసికొనవలసిన విషయమది. ఆలస్యమైనచో అడుగుటకు మనిషి యుండదు.

ఇపుడు ముఖ్య విషయమునకు వత్తము. గురువు నెంచుకొనునపుడు పేరును మాత్రమే చూచుట మన వారి యలవాటు. పేరు గొప్ప, ఊరు దిబ్బ యగు చోటులు విద్యాలోకమున కూడ కలవు; పేరును పనియు సమముగా నున్న మహనీయులును కలరు. ఆ భేదమును తెలిసికొనుటకు మేము నాలుగు పరీక్షలు చెప్పుచున్నాము.

మొదటిది, విషయము. ఆయన లేక ఆమె గత అయిదేండ్లలో వ్రాసిన వ్యాసములలో రెండైనను చదువవలెను. మన ప్రశ్నకును వారి పనికిని చుట్టఱికమున్నదా? లేనిచో, ఎంత పండితులైనను మన వ్రాతలోని తప్పును చూపలేరు, త్రోవయు చెప్పలేరు. కొన్నాళ్లకు మన విషయము మాని తమ విషయమునకు రమ్మందురు.

రెండవది, తీరిక. నియమముల ప్రకారము ఆచార్యులు ఒకేకాలమున 8 మందిని, సహాచార్యులు 6 గురిని, సహాయాచార్యులు 4 గురిని మించి పర్యవేక్షింపరాదు. ఉద్యోగ విరమణకు మూడేండ్లకన్న తక్కువ గడువున్నవారు క్రొత్తవారిని చేర్చుకొనరాదు. విరమించిన పిదప పాత విద్యార్థులకు సహ పర్యవేక్షకులుగా 70 ఏండ్లు వచ్చువఱకు ఉండవచ్చును. కావున ఎందఱున్నారు, ఎన్నేండ్లున్నారు అని అడుగుట అమర్యాద కాదు. అది మన హక్కు.

మూడవది, మునుపటి శిష్యులు. ఇదియే అన్నింటిలో నమ్మదగిన పరీక్ష. శోధ్‌గంగ యను అంతర్జాల భాండారమున మన దేశపు విశ్వవిద్యాలయముల సిద్ధాంత గ్రంథములు వేలకొలది ఉచితముగా చదువ దొరకును. అందు ఆ గురువు పేరుతో వెదకినచో ఎవరెవరు ఏయే యేట పట్టమందిరో తెలియును. వారిలో స్త్రీలెందఱు? చేరి నడుమ మానుకొన్నవారెందఱు? ఈ రెండవ సంగతి పుస్తకములలో దొరకదు, శిష్యులనే అడుగవలెను. గురువుగారు లేని చోట, ఒంటరిగా, ఇద్దఱు ముగ్గురిని అడుగవలెను. వ్రాసి యిచ్చిన అధ్యాయమును ఎన్నాళ్లకు చదివి యిత్తురు? కోపము వచ్చినపుడు ఏమందురు? ఇంటి పనులు, సొంత పనులు చెప్పుదురా? వేళగాని వేళ రమ్మందురా? సెలవడిగిన ఎట్లు మాటాడుదురు? ప్రశ్న విని ఒక క్షణము మౌనము వహించినచో ఆ మౌనము కూడ ఒక సమాధానమే యని గ్రహింపవలెను.

నాలుగవది, కీర్తిని పంచుకొను గుణము. మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కె వద్ద పనిచేసిరి. రక్తములోను, మూత్రములోను భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో వారిరువురు ప్రకటించిరి. అది నేటికిని ఫిస్కె-సుబ్బారావు పద్ధతి యని రెండు పేర్లతోనే పిలువబడుచున్నది. శిష్యుని పేరు గ్రంథమున నిలిచినది గనుకనే లోకమునకు తెలిసినది. మీ శ్రమకు మీ పేరుండునా, మొదటి పేరెవరిది యను సంగతిని ఆదిలోనే మర్యాదగా మాటాడుకొనవలెను.

కాఠిన్యమును చూచి భయపడరాదని కూడ చెప్పుచున్నాము. కమలా సొహోనీగారు 1933లో బెంగుళూరు విజ్ఞానసంస్థలో చేరగోరినపుడు, అప్పటి అధ్యక్షులు సి.వి. రామన్ గారు స్త్రీ యను కారణమున మొదట నిరాకరించిరి. ఆమె పట్టువిడువకపోగా ఒక యేడు పరీక్షార్థము చేర్చుకొనిరి. అచ్చట శ్రీనివాసయ్యగారను గురువు ఆమెచే కఠినముగా పనిచేయించిరి. పాలలోను, పప్పుధాన్యములలోను ఉన్న మాంసకృత్తులను గూర్చి యామె పరిశోధించినది. పిదప 1939లో కేంబ్రిడ్జిలో పిహెచ్.డి. పట్టమందినది. పనిలో కఠినులై మాటలో న్యాయముగలవారు మంచి గురువులు. పనిని చూడక మనిషిని కించపఱచువారు కఠినులు కారు, క్రూరులు. ఈ రెండింటిని వేఱుచేసి చూచుట నేర్వవలెను.

గురువునకు తొలి లేఖ వ్రాయు తీరును చెప్పెదము. ఒకే లేఖను ఇరువదిమందికి పంపరాదు. నేనెవరు, ఏమి చదివితిని, మీ రచనలలో దేనిని చదివి యే ప్రశ్న కలిగినది, నా విషయమేమి, మీ వద్ద ఖాళీ కలదా యను అయిదు సంగతులు ఒక పుటకు మించకుండ వ్రాయవలెను. పొగడ్తలు వలదు. దానితో నాలుగైదు పుటల పరిశోధన ప్రణాళిక నుంచవలెను. అందు ప్రశ్న యేమో, ఇంతకుముందు ఎవరేమి వ్రాసిరో, ఆధారములెక్కడ దొరకునో, ఏయేట ఏపని చేయుదురో స్పష్టముగా నుండవలెను. రెండు వారములు చూచి జవాబు రానిచో మఱొక్కసారి వినయముగా వ్రాయవచ్చును. జవాబీయని తీరును కూడ గుర్తుంచుకొనవలెను.

ఇక లేఖ వ్రాసిన సోదరికి మా యభిప్రాయము. తండా స్త్రీల జీవనము శాసనములలో దొరకదు. రైల్వే కాగితములలోను, ముసలవ్వల జ్ఞాపకములలోను దొరకును. పెద్ద ఆచార్యులవారి పాండిత్యము వేఱు దారిది. వారి యుద్యోగము నాలుగేండ్లలో ముగియును; ఈ పని అంతకు మించి పట్టవచ్చును. కావున రెండవవారే తగినవారని మాకు తోచుచున్నది, ఆయన శిష్యులను విచారించి మంచి మాట విన్న పిదపనే సుమా! ప్రతి అర్ధసంవత్సరమును విద్యార్థిని పనిని పరిశీలించుటకు పరిశోధన సలహా సంఘమొకటి యుండును. పెద్దవారిని ఆ సంఘమున సభ్యులుగా నుండుడని ప్రార్థించిన వారి పాండిత్యమును వ్యర్థము కాదు, తండ్రిగారి మాటయు పూర్తిగా త్రోసివేసినట్లు కాదు.

మేనమామగారి మాటకు కూడ సమాధానము కలదు. 2022 నియమములలో స్త్రీలకు ప్రత్యేక సౌకర్యములున్నవి. ఆఱేండ్ల గడువునకు పైన అందఱకును రెండేండ్ల పొడిగింపు దొరకును. స్త్రీలకు ఇంకను రెండేండ్లు, మొత్తము పదేండ్ల వఱకు వీలు. ప్రసూతికిని, బిడ్డల సంరక్షణకును మొత్తము మీద 240 దినముల వఱకు సెలవు పొందవచ్చును. వివాహమువలన గాని, ఇతర కారణమున గాని వేఱొక యూరికి పోవలసివచ్చినచో, తన పరిశోధన సామగ్రిని అచ్చటి విద్యాసంస్థకు మార్చుకొనవచ్చును. అయితే అది పాత సంస్థకు గాని, గురువునకు గాని బయటివారు ధనమిచ్చి యప్పగించిన పనియై యుండరాదు, పాత గురువునకు దక్కవలసిన పేరును దక్కింపవలెను. కావున పెండ్లి చదువునకు శత్రువు కాదు. పెండ్లిచూపులనాడే ఈ చదువు మాట వరునికిని, వారి పెద్దలకును స్పష్టముగా చెప్పవలెను. కట్నకానుకల మాటలు గంటలకొలది మాటాడువారు, పిల్ల నాలుగేండ్ల శ్రమను గూర్చి పది నిముషములు మాటాడలేరా?

మఱొక సంగతి తల్లులు తెలిసికొనవలెను. పనిచేయు చోట స్త్రీలను వేధించుటను నిషేధించు చట్టము 2013లో వచ్చినది, విద్యాసంస్థలకై యు.జి.సి. 2015లో వేఱుగా నియమములు చేసినది. ప్రతి విశ్వవిద్యాలయమున స్త్రీ అధ్యక్షురాలుగా గల అంతర్గత ఫిర్యాదుల సంఘముండవలెను. సంగతి జరిగిన మూడు నెలలలోపల వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. చేరిన మొదటి వారముననే ఆ సంఘములోనివారి పేర్లు తెలిసికొనుట మంచిది. పిల్ల ఇంటికి వచ్చి యేదైన చెప్పినచో, చదువు మానుమనుట విరుగుడు కాదు. అట్లు మాన్పించుటచే తప్పుచేసినవాడు కుర్చీలో నుండును, తప్పెఱుగని పిల్ల వంటయింట నుండును. ఆమె మాట నమ్ముడు, తోడుగా నిలువుడు, గురువును మార్పించుటకు వీలున్నదని తెలిసికొనుడు.

చివరకు తలిదండ్రులకు ఒక విన్నపము. అల్లుని వెదకునపుడు మనము గుణము, కులము, ఆరోగ్యము, అప్పులు, పొరుగువారి మాట అన్నియు విచారింతుము. గురువు నెంచునపుడు దానిలో పదవ వంతైన విచారింపుడు. పిల్లతో కూడ ఒకనాడు విశ్వవిద్యాలయమునకు పోయి, గ్రంథాలయము, హాస్టలు, శాఖ కన్నులార చూడుడు. నిర్ణయము మాత్రము ఆమెకే విడువుడు. చదువవలసినది ఆమె, ఆ యేండ్లు ఆమెవి. బాగుగా విచారించి ఆమె యెంచుకొన్న త్రోవయందు కష్టము వచ్చినను నిలువగలదు. ఇతరులు తోసిన త్రోవయందు చిన్న రాయి తగిలినను కూలబడును. మన సీమలోని చెరువుల కథలు, తండాల పాటలు, రైలు కూలీల కన్నీళ్లు వ్రాయుటకు చేతులు వలయును. ఆ చేతులు మన యిండ్లలోనే యున్నవి.